శుక్రవారం పడవ

అక్టోబరు 2, మంగళవారం
ఆసుపత్రి, మూడో అంతస్తు వరండా

వదినగారికి,

ముందు మంచి మాట రాసేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. మీ తమ్ముడి ఆపరేషన్ అయిపోయింది. గుండెలో పాడైన కవాటం తీసేసి కొత్తది పెట్టారు. అయిదు గంటలు పట్టింది. పెద్ద డాక్టరుగారు బయటికొచ్చి మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "బాగా జరిగిందమ్మా" అన్నారు. అంతసేపూ నిలబడే ఉన్నాను కదా, ఆ మాట వినగానే కాళ్లు పీకుతున్నాయని తెలిసింది.

పొద్దున జరిగిన తమాషా చెప్పాలి. బ్లడ్ బ్యాంకు వాళ్లు ఆరుగురిని తెచ్చుకోమన్నారు. డిపో నుంచి పద్నాలుగు మంది వచ్చారు. అదీ ఎలా అనుకున్నారు, బస్సు వేసుకుని! "స్పెషల్" అని బోర్డు పెట్టుకుని నేరుగా గేటుకి అడ్డంగా ఆపారు. వాచ్‌మన్ బండి తీయమంటే, పదకొండేళ్లుగా మీ తమ్ముడి బస్సులోనే పనిచేస్తున్న కండక్టరు దిగి, "మా డ్రైవరుగారి ఇంజను లోపల విప్పి పెట్టారు. అది బిగించేదాకా ఈ బండి కదలదు" అన్నాడట. అందరూ మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ వరండా కుర్చీల్లో వరసగా కూర్చున్నారు.

తీరా చూస్తే వీళ్లిచ్చిన రక్తం ఈయనకే ఎక్కించరట. బ్యాంకులో ఉంచుకుని, గ్రూపు సరిపోయే రక్తం వేరేది ఇస్తారట. ఆ సంగతి చెబితే కండక్టరు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "వాళ్లేమైనా చెప్పుకోనివ్వండమ్మా. మా డ్రైవరుగారి ఒంట్లో ఉన్నది నా రక్తమే. ఇక టికెట్టు లేకుండా ఎవడూ బస్సెక్కలేడు" అన్నాడు.

ఫోను కలిస్తే ఈ బాధే ఉండేది కాదు. మీ దీవిలో పడిపోయిన టవరు ఈ జన్మలో లేపుతారా? వారానికి రెండు పడవల మీద ఆధారపడి ఎలా బతుకుతున్నారో మీరు.

మీ పిచ్చుక


అక్టోబరు 5, శుక్రవారం
వాతావరణ కేంద్రం

పిచ్చుకా,

పడవ తొమ్మిదింటికి వచ్చింది, పది నలభైకి తిరిగి వెళ్తుంది. పొద్దుటి లెక్కలు వైర్‌లెస్‌లో పంపేసి, నీ ఉత్తరం రెండుసార్లు చదివి, ఇది రాస్తున్నాను. అక్షరాలు కుంటితే సర్దుకో.

రావాలని నాకు లేదనుకోకు. ఇక్కడ గాలీ వానా కొలిచేవాళ్లం ఇద్దరమే. రెండో ఆయన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని వెళ్లిపోయాడు. తుపాన్ల నెలలో కేంద్రం ఖాళీగా వదిలితే సముద్రంలో ఉన్న పడవలకి కబురిచ్చే దిక్కుండదు. బదులు మనిషిని పంపమని మూడుసార్లు అడిగాను. "చూస్తున్నాం" అంటున్నారు. వాళ్లు చూసేసరికి నా తల నెరుస్తుంది, సగం నెరిసిందనుకో.

ఇప్పుడు అసలు మాట. రక్తం దగ్గర వాళ్లని పిసినారితనం చెయ్యనివ్వకు. మా అమ్మ సంగతి నీకు పైపైన తెలుసు. అప్పుడు నాకు పదిహేను, వాడికి ఎనిమిది. అమ్మకి కడుపు ఆపరేషన్ అయ్యాక మొహం సున్నంలా తెల్లబడింది. రక్తం ఎక్కించమంటే "ఇప్పుడే అక్కర్లేదు, రేపు చూద్దాం" అన్నారు. ఆ రేపు అమ్మకి రాలేదు. నేను మంచం పక్కనే ఉన్నాను పిచ్చుకా, నోరు తెరిచి ఒక్క మాట అడగలేకపోయాను.

నువ్వు అడుగు. మొహం పాలిపోయినట్టు కనిపిస్తే చాలు, పట్టుబట్టు. ఆగుదామంటే, "రక్తం ఎక్కించడానికి కూడా ముహూర్తం చూడాలా?" అని మొహం మీదే అడుగు. పద్నాలుగు మంది ఇచ్చింది బ్యాంకులో దాచుకోవడానికి కాదు.

పడవవాడు కేకేస్తున్నాడు.

వానక్క
(మీ డిపో వాళ్లు పెట్టిన పేరే, నాకు నచ్చింది.)


అక్టోబరు 7, ఆదివారం
మూడో అంతస్తు, పదహారో నంబరు మంచం

వదినగారికి,

నిన్న ఆయనకి రెండు సంచుల రక్తం ఎక్కించారు. ఊరికే ఎక్కించలేదు, పోట్లాడి ఎక్కించుకున్నాను. మీ తమ్ముడు ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతున్నారు.

పొద్దున పరీక్షలో రక్తం ఎనిమిది పాయింట్ రెండే ఉందన్నారు, పదమూడు ఉండాలట. మొహం చూస్తే నాకే భయమేసింది. వార్డులో ఉండే చిన్న డాక్టరమ్మ మాత్రం, "లేచి కూర్చుంటున్నారు, నడుస్తున్నారు, ఆయాసం లేదు. దానంతటదే పెరుగుతుంది. అక్కర్లేకుండా రక్తం ఎక్కిస్తే ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం ఎక్కువవుతుందమ్మా. ఆగుదాం" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "రక్తం ఎక్కించడానికి కూడా ముహూర్తం చూడాలాండీ?" అని అడిగేశాను. పక్క మంచాల వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. ఆవిడ చార్టు మూసి పక్క మంచానికి వెళ్లింది. ఆవిడ డ్యూటీ దిగాక వచ్చిన డాక్టరుని మళ్లీ పట్టుకున్నాను. గొడవెందుకనుకున్నాడో ఏమో, కాగితం మీద రాసిచ్చాడు.

సాయంత్రానికి పెదవులకి రంగొచ్చింది. "డీజిలు కొట్టించావుగా, ఇక బండి తీద్దామా?" అన్నారు మీ తమ్ముడు. కండక్టరుకి కబురు చేస్తే, అది తన సంచేనని డిపో అంతా చాటుకున్నాడట.

నాకు ఈ రోజు చాలా తేలిగ్గా ఉంది.

మీ పిచ్చుక


అక్టోబరు 9, మంగళవారం
వాతావరణ కేంద్రం

ఒసేయ్ పిచ్చుకా, శభాష్!

ముహూర్తం మాట అన్నావా! నా వాక్యం నీ నోట్లోంచి వచ్చి వార్డంతా వినబడిందంటే, నేనే అక్కడికి వచ్చినట్టుంది. పెళ్లిలో నిన్ను చూసి "ఇంత పిచ్చుకలాంటిది మావాడి బస్సులో సీటుకి కూడా ఆనదు" అన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, పేరు మాత్రం తీసుకోను.

ముప్పై ఏడేళ్లుగా గుండెల మీద ఉన్న బరువు ఒకటి దిగింది. అమ్మకి జరగనిది వాడికి జరిగింది.

ఇక్కడ బారోమీటరులో పాదరసం కొంచెం కొంచెంగా దిగుతోంది. వారంలో గాలి లేస్తుందేమో. నిన్న వాన కొలిచే గొట్టంలో కప్ప దూరింది. దాని బరువు తీసేసి లెక్క రాయాలా, కలిపి రాయాలా అని నాలో నేను వాదించుకుని, గొట్టం ఖాళీ చేసి "లెక్క లేదు" అని రాశాను. ఈ లెక్కల పుస్తకంలో పద్దెనిమిదేళ్లలో ఒక్క అంకె అబద్ధం రాయలేదు, ఒక్కటి దిద్దలేదు. కప్ప కోసం మొదలుపెట్టనా?

వాడిని మెట్లెక్కనివ్వకు.

వానక్క


అక్టోబరు 11, గురువారం

వదినా,

మంగళవారం జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేలే అన్నారు. నిన్న కట్టు మార్చేటప్పుడు గాయం కింది కొసన చీములా కారింది. మీ తమ్ముడు నాతో, "దగ్గితే లోపల టక్కుమంటోందే, బస్సు తలుపు బోల్టు వదులైనట్టు" అన్నారు. నేను నవ్వాను. ఆ మాటే డాక్టరమ్మకి చెబితే ఆవిడ నవ్వలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టి దగ్గమంది. కోసి తీగలతో కట్టిన ఎముక విడుతోందట, లోపలికి ఇన్ఫెక్షన్ చేరిందట.

పెద్ద డాక్టరుగారి గదికి వెళ్లి, రక్తం వల్లేనా అని అడిగాను. ఆయన కుర్చీ చూపించి నెమ్మదిగా చెప్పారు. "రక్తంలో క్రిములు ఉన్నాయని కాదమ్మా, అది పరీక్ష చేసిన రక్తమే. కానీ వేరేవాళ్ల రక్తం వచ్చి చేరాక ఒంట్లో ఉండే కాపలా కొన్నాళ్లు తికమకపడుతుంది. గాయంలోకి వచ్చినదాన్ని తరమలేదు. ప్రతి సంచికీ ఆ ప్రమాదం కొంచెం పెరుగుతుంది. అవసరమైతే ఆ ప్రమాదానికి ఒప్పుకుని ఎక్కిస్తాం. ఆయనకి షుగరుంది, ఆపరేషన్ చాలాసేపు జరిగింది. దేనివల్ల వచ్చిందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు."

ఎవరూ చెప్పలేరట వదినా. నేనేమో కళ్లు మూసుకుంటే చాలు, ఆ రెండు సంచులే కనిపిస్తున్నాయి. నేనే పోట్లాడి తెచ్చి తగిలించాను. నాకు చాలా భయంగా ఉంది.

పిచ్చుక


అక్టోబరు 12, శుక్రవారం

పిచ్చుకా,

ఈ పడవకే పంపాలి.

వాడికి షుగరు ఉందని నాకు ఎందుకు చెప్పలేదు? ఎన్నాళ్లయింది? ఆ డాక్టరమ్మ ఆగుదామని అంత వివరంగా చెబితే ఎందుకు ఆగలేదు? చదువుకున్నావు కదా, చెప్పింది వినాలి కదా! ఇంట్లో నా మీద ఎగిరినట్టు ఆసుపత్రిలో ఎగిరితే ఎలా?

సరే, అయిందేదో అయింది. ఇప్పుడు విను. ఇక మీదట ఒక్క చుక్క రక్తం వాడి ఒంట్లోకి వెళ్లనివ్వకు. ఎవరు చెప్పినా సంతకం పెట్టకు. వాడి అక్కగా చెబుతున్నాను. నాకు మిగిలింది వాడొక్కడే.

వదిన


అక్టోబరు 14, ఆదివారం

గౌరవనీయులైన వదినగారికి,

నిన్న మీ తమ్ముడికి రెండోసారి ఛాతీ తెరిచారు. కుళ్లినంత మేర తీసేసి, కుట్టకుండా, స్పంజి పెట్టి గొట్టంతో లాగే పంపు తగిలించారు. పంపు రోజంతా గురగురమంటూనే ఉంటుంది.

లోపలికి తీసుకెళ్లిన గంటకి రక్తం కారడం ఎక్కువైందని డాక్టరమ్మ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అయిదు పాయింట్ ఆరుకి పడిపోయింది, వెంటనే ఎక్కించాలి, సంతకం పెట్టమంది. సరిగ్గా అప్పటికి పావుగంట ముందు మీ ఉత్తరం నా చేతికొచ్చింది. ఒక చేతిలో ఆవిడ కాగితం, ఒక చేతిలో మీ కాగితం. నేను సంతకం పెట్టలేకపోయాను. "మొన్న ఎక్కిస్తే కదా ఇలా అయింది!" అని అరిచాను. ఆవిడ నా భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "మొన్న ఆయన్ని చూసే ఆగుదామన్నాను. ఇవాళ ఆయన్ని చూసే ఎక్కిద్దామంటున్నాను. మీరు కాగితం చూడకండి, ఆయన్ని చూడండి" అంది. అద్దంలోంచి చూశాను. గోళ్లు కూడా తెల్లగా ఉన్నాయి.

పెట్టాను. మూడు సంచులు. నేను తటపటాయించింది ఎన్ని నిమిషాలో గడియారం చూడలేదు, చూసి ఉంటే బతకలేను.

ఇప్పుడు నా మాట వినండి. ఆరో తేదీ శనివారం ఆ డాక్టరమ్మ ఆగుదామన్నప్పుడు నేను ఆగేదాన్నే. అప్పటికి మీ ఉత్తరం నా బ్యాగులో ఉంది. పిసినారితనం చెయ్యనివ్వకు, పట్టుబట్టు, ముహూర్తం చూడాలా అని అడుగు. రాసింది ఎవరు? ఆగితే, రేపు ఆయనకేమైనా అయితే, "మా అమ్మలాగే చంపేసింది" అంటారేమోనని భయపడి అరిచాను. ఎక్కించమన్నది మీరే, ఎందుకు ఎక్కించావన్నది మీరే, ఎక్కించొద్దన్నదీ మీరే. మీరు దీవి మీద కూర్చుని ఉత్తరాలు రాస్తారు. అవి ఇక్కడికి చేరేసరికి ఇక్కడ వేరే రోజు నడుస్తుంటుంది.

షుగరు సంగతి చెప్పొద్దన్నది ఆయనే. అక్క కంగారుపడుతుందన్నారు.

మీ తమ్ముడి భార్య


అక్టోబరు 16, మంగళవారం

పిచ్చుకా,

చదివాను. నువ్వు రాసిందాంట్లో ఒక్క ముక్క కాదనడానికి లేదు. పన్నెండో తేదీ ఉత్తరం రాసేటప్పుడు, అయిదో తేదీన ఏం రాశానో నిజంగా గుర్తులేదు. రోజుకి ఎనిమిదిసార్లు గాలి చూసి రాసుకునే మనిషిని, నేను రాసిన ఉత్తరం మరిచిపోయాను.

ఇక ఏం చెయ్యాలో నేను చెప్పను. నువ్వు, డాక్టరమ్మ వాడిని చూస్తున్నారు. మీరు ఏది అనుకుంటే అది చెయ్యండి.

వాడెలా ఉన్నాడో ఒక్క వాక్యం రాయి చాలు. తిట్టాలనుంటే తిట్టు, ఆ పైన ఆ వాక్యం రాయి. పాదరసం బాగా పడిపోయింది. శుక్రవారం పడవ ఉండదేమో. నాకు పిచ్చెక్కినట్టుంది.

వదిన


అక్టోబరు 21, ఆదివారం
ఇల్లు

వదినా,

మీ తమ్ముడు గురువారం మధ్యాహ్నం రెండున్నరకి పోయారు. డిపో మేనేజరు మీ పెద్ద ఆఫీసుకి చెప్పి వైర్‌లెస్‌లో కబురు పంపించానన్నారు, కాబట్టి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నా చేత్తో కూడా రాయాలి కదా.

ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లిపోయింది. మందులు మార్చారు, మళ్లీ మార్చారు. మూత్రపిండాలు ఆగిపోయాయి. డాక్టరమ్మ డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లలేదు. ఆఖర్న బయటికొచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది.

బుధవారం కాస్త తెలివొచ్చింది. కిటికీ వైపు చూసి, "వానా?" అన్నారు. అవునన్నాను. "అక్క గొడుగు లేకుండా గొట్టం దగ్గరికి పోతుంది. రాయి" అన్నారు. రాస్తున్నాను. గొడుగు వేసుకోండి.

డిపో వాళ్లు ఆయన బస్సుని ఒక రోజంతా రోడ్డెక్కించలేదు. కండక్టరు మాత్రం నాకు ఎదురుపడడం లేదు. తన రక్తం వల్లేనని ఎక్కడో విన్నాడట. మనిషిని పంపి పిలిపించి, అది నీ రక్తం కాదు, ఎవరిదీ తప్పు కాదు అని చెప్పాను. నమ్మాడో లేదో తెలీదు.

ఇంకో మాట. పోయిన ఆదివారం కోపంలో మీకు అబద్ధం రాశాను. మీరు అయిదో తేదీన రాసిన ఉత్తరం శనివారానికి నాకు అందలేదు. ఆ శుక్రవారం సముద్రం బాగాలేక మీ పడవ సాయంత్రం దాకా కదలలేదట, పోస్ట్‌మాన్ చెప్పాడు. సోమవారం వచ్చింది. అప్పటికే నేను పోట్లాడి ఎక్కించేశాను. ఆ ముహూర్తం మాట మన ఇంట్లో మీరెప్పుడూ అనేదే కదా, అలా నోటికొచ్చింది. కాబట్టి మీ ఉత్తరానికీ జరిగినదానికీ సంబంధం లేదు. అది నా పని, నా ఒక్కదానిదే. మీరు ఒంటరిగా ఉంటారు, లేనిపోనివి ఆలోచించుకోకండి.

వేళకి తినండి.

మీ పిచ్చుక


అక్టోబరు 26, శుక్రవారం
వాతావరణ కేంద్రం

పిచ్చుకా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు, నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. పెట్టాక చదువు. చదివేదాకా ఏమీ మాట్లాడకు, నేనూ మాట్లాడలేను. నోటితో చెబితే సగంలో ఆపేస్తానని కాగితం మీద పెడుతున్నాను.

వాడు పోయిన కబురు గురువారం సాయంత్రమే వచ్చింది. వైర్‌లెస్‌లో పద్దెనిమిదేళ్లుగా అంకెలు తప్ప ఇంకేమీ రాలేదు. ఆ రోజు అంకెల మధ్యలో నాలుగు మాటలు వచ్చాయి. వాటి కింద మళ్లీ అంకెలు. రాసుకోవాల్సిన వేళైంది కాబట్టి బయటికి వెళ్లి గాలి చూసి రాసుకున్నాను. గొడుగు వేసుకోలేదు. వేసుకోమన్నాడని అప్పటికి తెలియదు కదా. తెలిసినా ఆ గాలికి గొడుగు నిలిచేది కాదు.

ఎనిమిది రోజులు పడవ లేదు. రేవు దాకా రెండుసార్లు పెట్టె మోసుకెళ్లి తిరిగొచ్చాను. ఒక చేపల పడవ వాడి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. నా తమ్ముడిని ఆఖరిసారి చూసుకోలేకపోయాను పిచ్చుకా. ఈ బాధ ఎవరితో చెప్పుకోను? ఈ గోడలకి చెప్పాను, కిటికీలకి చెప్పాను. ఇవాళ పడవ వచ్చింది. అందులో బదులు మనిషి దిగాడు, నీ ఉత్తరమూ దిగింది.

నీ ఉత్తరం చదివాను. నువ్వు నా కోసం చేసింది చూసి, రేవు గట్టు మీద కూలబడి ఏడ్చాను. నీకు ఇంత మనసుందని ఇరవై ఏళ్లుగా తెలిసి కూడా ఎప్పుడూ చెప్పలేదు, నా పొగరు. కానీ ఎవరికి ఏం చెబుతున్నావే, వెర్రిదానా? సముద్రం బాగాలేదని నాకా చెప్పేది? ఆ సముద్రాన్ని చూడ్డానికే నాకు జీతం ఇస్తున్నారు. ఆ ముహూర్తం మాట మన ఇంట్లో నేనెప్పుడూ అనలేదు. ఆ ఉత్తరంలోనే మొదటిసారి రాశాను. మర్నాడు నీ నోట వచ్చింది.

నువ్వు అరిచావు, నిజమే. నీచేత అరిపించింది నేను. పదిహేనేళ్ల వయసులో అమ్మ మంచం దగ్గర అడగలేకపోయింది, ఇన్నేళ్ల తర్వాత నీచేత అడిగించాను. ఆ రక్తం వల్లే వచ్చిందో, షుగరు వల్లో, ఇంకెందువల్లో పెద్ద డాక్టరుగారే చెప్పలేనన్నప్పుడు మనమెలా చెబుతాం? చెప్పలేకపోయినా ఆ ఆలోచన మనల్ని వదలదు, నాకు తెలుసు. వదలనప్పుడు అది నువ్వొక్కదానివే ఎందుకు మొయ్యాలి? వాడు నీకు మొగుడైతే నాకు తమ్ముడు. నా సగం నాకు ఇచ్చెయ్. అడుక్కుంటున్నాననుకో, ఇచ్చెయ్.

అందుకే లెక్కల పుస్తకంలో ఆ రోజు పేజీ చూసి, ఉన్నదున్నట్టు కింద రాస్తున్నాను. చదివాక తలుపు తీసే ఉంటే లోపలికి వస్తాను. వేసేసుకుంటే మెట్ల మీద కూర్చుంటాను.

"అక్టోబరు 5, శుక్రవారం. ఉదయం తొమ్మిది. గాలి నెమ్మది. ఆకాశం నిర్మలం. సముద్రం ప్రశాంతం. పడవ పది నలభైకి బయల్దేరింది."

నీ వదిన